నొప్పిని మా వైపు ఏమంటారంటే

నేను నర్సుగా పనిచేశాను. మొదట నెల్లూరు జిల్లా ఉదయగిరిలో, తర్వాత ఆత్మకూరులో, రెండు చోట్లా ఒకే ట్రస్టు వాళ్ల చిన్న ఆసుపత్రుల్లో. ట్రస్టు పేరు రాయను. రాస్తే వాళ్లు నన్ను మళ్లీ పిలిచి శాలువా కప్పుతారు. రిటైరైన రోజు కప్పినవే మా ఊరి ఎండకు దేనికీ పనికిరాక బీరువాలో మగ్గుతున్నాయి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తారు. "మేడమ్, మీ అనుభవం నుంచి ఏదన్నా చెప్పండి" అంటారు. సన్న నరం ఎలా పట్టుకోవాలో, నైట్ డ్యూటీలో నిద్ర ఎలా ఆపుకోవాలో చెబుతానని వాళ్ల ఆశ. అవి వాళ్లే నేర్చుకుంటారు, నేను నేర్చుకున్నట్టే, తిట్లు తిని. నాకు చెప్పాలనిపించేది ఒక్కటే ఉంది. రోగి నోట్లోంచి "నొప్పి" అనే మాట బయటికి రావడానికి మనం పడాల్సిన తిప్పలు.

నర్సింగు పుస్తకంలో ఇది చాలా సులువు. రోగి నొప్పి అంటాడు, మనం ఎక్కడ అంటాం, రోగి వేలు పెట్టి చూపిస్తాడు. ఆ పుస్తకం రాసినాయన కలిగిరి బస్టాండులో ఒక్కసారి కూడా దిగి ఉండడు.

ఈ ఒక్క మాట నోట్లోంచి రాక ఒకావిడ ప్రాణం పోయేంత పనైంది. పేరు మార్చి ఆమెను కామాక్షమ్మ అంటాను. ఆమె సంగతి చెప్పడానికే కూర్చున్నాను గానీ, కాస్త వెనక నుంచి రావాలి.

"ఏం లేదు సిస్టరమ్మా"

మా వైపు మగవాళ్లకు నొప్పి ఉంటుంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ నిలబడాలి. సూది చూపిస్తే చాలు, ఊళ్లో పంచాయితీలు తీర్చే పెద్దమనిషి కూడా ఎప్పుడో చచ్చిపోయిన తన నాయనను కేకేస్తాడు. దాని గురించి నాకే ఫిర్యాదూ లేదు. అరిచే రోగితో నర్సుకు చెవినొప్పి తప్ప వేరే ఇబ్బంది రాదు.

ఆడవాళ్లకు మాత్రం నొప్పి ఉండదు. వాళ్లకుండేవి వేరే. "ఒళ్లు బాగలా" అనేది ఒకటి. "అన్నం సయించలా" అనేది ఒకటి. "ఏందో తిక్కతిక్కగా ఉండాది" అని ఇంకొకటి. వీటన్నిటి కంటే ముందు వచ్చేది "ఏం లేదు". ఉదయగిరిలో ఒకావిడ కట్టెల మోపుతో సహా కొండ మీద నుంచి జారి, విరిగి వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని వచ్చింది. ఆవిడ కూడా "ఏం లేదు సిస్టరమ్మా" అనే మొదలుపెట్టింది.

ఇక గ్యాసు. మా పడమటి మండలాల్లో మనిషికి గుండె ఉంటుందని ఎవరూ ఒప్పుకోరు. రొమ్ములో పట్టేసినా గ్యాసే, వీపులో గుచ్చినా గ్యాసే, దవడ లాగినా గ్యాసే. దానికి వైద్యం ఇంట్లోనే ఉంది. ఒక బిళ్ల, ఒక నిమ్మకాయ సోడా, పక్కింటావిడ సలహా. ఈ మూడూ అయ్యాక కూడా మనిషి కింద పడితే అప్పుడు ఆసుపత్రి గుర్తుకొస్తుంది. వచ్చాక మనల్నే అడుగుతారు, ఇంత ఆలస్యం ఎందుకు చేస్తున్నారని.

ఇంకొక ఆచారం కూడా ఉంది. ఆడమనిషి వచ్చి బల్ల మీద కూర్చుంటుంది. ఆమెకేమైందో పక్కన నిలబడ్డవాళ్లు చెబుతారు. భర్త ఉంటే భర్త, లేకపోతే కొడుకు, కొడుకు బండి పెట్టడానికి పోయి ఉంటే ఆటో తోలుకొచ్చినాయన. "కడుపులో మంటంట" అంటాడాయన, దోవలో తెలుసుకున్నంత మేరకు. ఆమె నోట్లో నాలుక ఉందని మనకు రుజువయ్యేది థర్మామీటరు పెట్టినప్పుడే.

ఇప్పుడు ఇంకో పద్ధతి వచ్చింది. కాగితం మీద ఏడుపు మొహాలు, నవ్వు మొహాలు వేసి, "నీ నొప్పికి ఒకటి నుంచి పది లోపల ఎన్ని మార్కులు?" అని అడగమంటారు. నేను శ్రద్ధగానే అడిగాను. ఒక ముసలావిడ ఆ మొహాలన్నీ చూసి, "నువ్వెంతంటే అంతే తల్లీ, నాకేం తెలుసు" అంది. ఇంకొకావిడ పదికి పది వేయించుకుంది, ఆడబిడ్డకు తొమ్మిది వేశారని తెలిసి.

ఎస్తేరమ్మ సిస్టర్

ఉదయగిరిలో నా పైన ఎస్తేరమ్మ సిస్టర్ ఉండేది. మా సంఘంలోనే పెద్దావిడ. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే వెన్న కరిగినట్టుండే ఆ గొంతు సోమవారం వార్డులోకి రాగానే ఏమైపోయేదో తెలియదు. ప్రేమగా మందలించడం ఆవిడకు చేతకాదు. ప్రేమ తీసేసి మిగతాది చేసేది.

ఒకరోజు నేను ఒక అవ్వను పట్టుకుని నొప్పి ఎక్కడ, నొప్పి ఎక్కడ అని అడుగుతున్నాను. చెవుడేమోనని గొంతు కూడా పెంచాను. అవ్వ "ఏం లేదు తల్లీ" అని తప్ప ఇంకో మాట అనదు. సరే, నొప్పి లేదని డాక్టరుగారికి చెబుదామని లేచాను. ఎస్తేరమ్మ సిస్టర్ వెనక నుంచి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏందే రూతూ, ఆమెను కోర్టులో నిలబెట్టినావా?" అని, అవ్వ పక్కన తానూ కూర్చుంది. "అవ్వా, పొద్దన్నే లేసి ఏం పని జేసినావు?"

"ఏం జేస్తా తల్లీ. కసువు జిమ్మినా, గొడ్లకి గడ్డేసినా."

"ఏం పని జెయ్యలేకపోయినావు?"

"నీళ్లు తోడలేకపోయినా. మొన్నట్నించి కోడలే తోడతా ఉండాది. వొంగితే ఈ కుడిపక్క చంపేస్తా ఉండాది."

డాక్టరుగారు వచ్చి అక్కడ వేలు నొక్కితే అవ్వ మంచం మీద నుంచి లేచినంత పని చేసింది. అపెండిక్సు. పగలడానికి సిద్ధంగా ఉంది. ఆ సాయంత్రమే నెల్లూరు పంపించాం.

తర్వాత ఎస్తేరమ్మ సిస్టర్ నాకు చెప్పిన పాఠం ఇది. "నొప్పి ఉండాదా అని అడగబాక. ఉండాదంటే పని మానుకోమంటారని వాళ్లకి భయం. ఏ పని ఆగిపోయిందో అడుగు. పని కాడ అబద్ధం చెప్పరు. ఇంగొకటి, ముందు మొగోడిని టీ తెమ్మని బయటికి పంపీ." నేను బుద్ధిగా తలూపాను. "తలూపింది చాల్లే, బెడ్ పాన్ తీసుకురా" అంది. ఆమె పాఠం చెప్పడం ఎప్పుడూ అలాగే ముగిసేది.

గోడ మీద ప్రపంచం

ఆత్మకూరులో మా సూపరింటెండెంటు గారు మంచి డాక్టరు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, రాబోయేది చదివి మీరు తక్కువగా అనుకోకుండా. ఆయనకున్నది ఒకటే జబ్బు, కొత్త ఆలోచనలు. అది తరచుగా తిరగబెట్టేది.

అనుమసముద్రంపేట దర్గాకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దోవలో ఒంట్లో బాగాలేకపోతే కొందరు మా దగ్గరికి వచ్చేవాళ్లు. అట్లా ఒక బెంగాలీ ఆయన వచ్చి, పొట్ట పట్టుకుని "బేథా, బేథా" అంటూ మెలికలు తిరిగాడు. ఆ మెలికలు మా ఆయాకు కూడా అర్థమయ్యాయి. సూపరింటెండెంటు గారు వైద్యం సరిగ్గానే చేశారు. రోగి నిద్రపోయాక ఫోన్ తీసి, బేథా అంటే నొప్పి అని కనుక్కుని, కొత్త గ్రహం కనుక్కున్నంత సంబరపడ్డారు.

"రూతమ్మగారూ, భాష తెలియక ఎంతమంది పేషెంట్లు ఇబ్బంది పడుతున్నారో చూడండి. ప్రపంచంలో ఉండే భాషలన్నిట్లో నొప్పి అనే మాట రాయించి ఓపీ గోడకు పెట్టిద్దాం. వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు, మనకు అర్థమైపోతుంది" అన్నారు.

"అన్ని భాషలోళ్లూ ఆత్మకూరుకి వస్తారా సార్?"

"వస్తే?"

వచ్చిన ఆయన ఆ లిపి చదువుకున్నవాడై ఉండాలి గదా అని అడగాలనిపించింది గానీ, రిటైర్మెంటు దగ్గర పడుతోందని మింగేశాను.

ఆ వారమంతా స్టెతస్కోపు కంటే ఫోన్‌కే ఎక్కువ పని పడింది. తమిళంలో వలి, కన్నడంలో నోవు, మలయాళంలో వేదన. హిందీకీ ఉర్దూకీ దర్ద్. అరబ్బీలో అలమ్. ఆ మాట మా వైపు కువైట్ పోయొచ్చిన ఆడవాళ్లకు తెలుసు. ఇంటి యజమానురాలికి తలనొప్పి వస్తే పరిగెత్తడానికి నేర్చుకున్నారు, తమకు వస్తే చెప్పుకోవడానికి కాదు. ఆ తర్వాత సార్ సముద్రాలు దాటారు. స్పెయిన్‌లో దొలోర్, ఫ్రెంచిలో దులూర్, జర్మనీలో ష్మెర్ట్స్, టర్కీలో ఆగ్రి, స్వాహిలీలో మౌమివు. జపాన్ వాళ్లు ఇతాయ్ అంటారట, దెబ్బ తగిలినప్పుడు నోట్లోంచి వచ్చే కేక కూడా అదేనట. రష్యా వాళ్లది బోల్. మన సాయిబుల మాటల్లో బోల్ అంటే చెప్పు అని. నొప్పికి అంత మంచి పేరు పెట్టుకున్నవాళ్లు లోకంలో ఎక్కడో ఉన్నారని ఆ పూట నేను కూడా కాస్త ముచ్చటపడ్డాను.

బోర్డుకు దాత దొరికాడు. చేజర్ల పక్క ఊరి పెద్ద ఆసామి, పెంచలరెడ్డిగారు అందాం. తల్లి జ్ఞాపకార్థం చేయిస్తానన్నారు. ఒక మూల తల్లి ఫోటో రావాలి, ఇంకో మూల తన ఫోటో రావాలి, తనది కాస్త పెద్దదిగా ఉంటే బాగుంటుందని కూడా అన్నారు. ఒక్కొక్క లిపి పక్కన పలికే తీరు ఇంగ్లీషు అక్షరాల్లో వేయించి, నెల్లూరులో ఫ్లెక్సు కొట్టించి తెచ్చి గోడకు బిగించారు. నేను పై నుంచి కింద దాకా చదివాను.

"సార్, తెలుగు మర్చిపోయినారే."

"తెలుగెందుకమ్మా? అది అందరికీ తెలిసిందే గదా" అన్నారు సూపరింటెండెంటు గారు.

దంపతుల చేతుల మీదుగా

ప్రారంభోత్సవం రోజు బాగా చలిగా ఉంది. మైకు, ఎర్ర రిబ్బను, కుర్చీలు, పులావు పొట్లాలు అన్నీ వచ్చాయి. ఓపీ రోగులను ఒక పక్కకు జరిపి కూర్చోబెట్టారు, ఫోటోలో పడకుండా.

పెంచలరెడ్డిగారు తెల్ల కారులో దిగారు. ఆయన వెంట భార్య కామాక్షమ్మ. మా వైపు ఇలాంటివి దంపతుల చేతుల మీదుగానే జరగాలి. ఆయన కత్తిరించాలి, ఆమె కత్తెర పెట్టిన పళ్లెం పట్టుకుని పక్కన నిలబడాలి. పళ్లెం బల్ల మీద పెట్టినా రిబ్బను తెగుతుంది గానీ, అది శుభం కాదట. ఆమె కారు దిగుతూ తలుపు పట్టుకుని కొంచెం సేపు ఆగింది. నేను పూలగుచ్ఛం ఇవ్వడానికి ఎదురుపోయాను. అందరూ స్వెట్టర్లు వేసుకున్న ఆ చలిలో ఆమె మొహం మీద పౌడరు చెమటకు చారలు కట్టి ఉంది.

"ఏమ్మా, ఒంట్లో బాగుండాదా?" అని అడిగాను.

"ఆమెకేం, బాగనే ఉండాది. పొద్దన్నే గ్యాసు పట్టుకునింది, బిళ్లేసింది" అన్నారు రెడ్డిగారు.

"ఏం లేదు సిస్టరమ్మా" అంది కామాక్షమ్మ.

గ్యాసు, ఏం లేదు, రెండూ ఒకేసారి వినేసరికి నాకు భయం పట్టుకుంది. గుండెపోటైతే మొదటి కొన్ని గంటలే మనవి. ఆ తర్వాత ఏం చేసినా గుండెలో చచ్చిన భాగం మళ్లీ బతకదు. ఆమెకు ఎప్పుడు మొదలైందో తెలియదు. చూస్తే మైకు ముందు సూపరింటెండెంటు గారు నిలబడి ఒక్కొక్క భాషా చదువుతున్నారు. "స్పానిష్‌లో దొలోర్" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. "స్వాహిలీలో మౌమివు" అన్నారు. స్వాహిలీ ఎక్కడుందో తెలియకపోయినా ఇంకా గట్టిగా కొట్టారు. కామాక్షమ్మ చేతిలో పళ్లెం వణికి కత్తెర టకటకమంటోంది. అది వినిపించేంత దగ్గరలో ఆమె భర్త ఉన్నాడు, ఫోటో కోసం గడ్డం పైకెత్తి.

నేను వెనక నుంచి వెళ్లి ఆమె చేతిలో పళ్లెం తీసుకున్నాను. "అమ్మా, ఒక్కసారి లోపలికి రండి. చేతులు కడుక్కోవాల."

"ఇప్పుడేందమ్మా? రిబ్బను కోసినాక కడుక్కుంటాది" అన్నారు రెడ్డిగారు.

"ఆసుపత్రిలో కత్తెర తాకేముందు చేతులు కడగాలండీ. రూలు."

అలాంటి రూలు ఎక్కడా లేదు. కానీ మా వైపు రూలు అనే మాటకున్న మర్యాద నొప్పి అనే మాటకు లేదు. ఆయన వాచీ చూసుకుని, "బిన్నా రా" అని తొందరపెట్టారు భార్యను.

డ్రెస్సింగు గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాను. బల్ల మీద కూర్చోబెట్టి నాడి పట్టుకున్నాను. అది పడుతూ లేస్తూ ఉంది.

"పొద్దన్నే ఏం పని జేసినారమ్మా?"

ఆమె ముందు తలుపు వైపు చూసింది, తర్వాత నా వైపు. "ఏముండాది సిస్టరమ్మా. దోసెలు పోసినా. ఆయన చొక్కాకి గుండీ ఊడిపోతే కుట్టినా."

"ఏం పని జెయ్యలేకపోయినారు?"

ఇంత మామూలు ప్రశ్నకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "జడేసుకోలేకపోయినా. ఎడం చెయ్యి పైకి లేస్తే గదా. కోడలే ఏసింది. రొమ్ము మింద రోలు పెట్టినట్టుండాది. దవడంతా గుంజతా ఉండాది."

"ఎప్పట్నించి?"

"దోసెలు పోసేటప్పట్నించి."

"ఇంట్లో చెప్పలేదామ్మా?"

"చెప్పినా గదా" అంది. ఆ గొంతులో ఆశ్చర్యం ఉంది, ఇది కూడా అడగాలా అన్నట్టు. "ఈ పొద్దు నేను రాకపోతే ఏమన్నా అంటారా అని అడిగినా. అంటారన్నాడు."

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగండి. మా వైపు నొప్పికి మాట ఇదే. ఇది ఏ ఫోన్‌లోనూ దొరకదు. ఈ పొద్దు నేను రాకపోతే ఏమన్నా అంటారా. ఆమె స్పష్టంగా, తన భాషలో, తన ఇంట్లో, తన భర్తకే చెప్పింది. ఆయన కూడా తెలుగువాడే.

గ్యాసు

ఈసీజీ తీగలు అంటించి, ఆయాను మైకు దగ్గరికి పంపాను. సూపరింటెండెంటు గారు విసుక్కుంటూ వచ్చారు, జపాన్ దగ్గర ఆపేయాల్సి వచ్చిందని. ఈసీజీ కాగితం బయటికి వస్తుండగానే ఆయన విసుగు పోయింది. కాగితాన్ని ఒక్కసారే చూశారు. నమిలే బిళ్లలు తెమ్మన్నారు, 108కి చెప్పమన్నారు, నెల్లూరులో గుండె డాక్టరుకు తనే ఫోన్ చేశారు. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఫ్రిజ్జులో ఉందా అని నన్ను అడిగారు. ఉంది. ఆయన కొత్త ఆలోచనల్లో అదొకటి, అందరం నవ్విన ఆలోచన.

అప్పుడు రెడ్డిగారు తలుపు తోసుకుని వచ్చారు. "ఏంది సార్ ఇది? బయట జనమంతా నిలబడుండారు."

"ఆమెకు గుండెపోటు వచ్చింది. నెల్లూరు పంపాల, ఇప్పుడే" అన్నారు సూపరింటెండెంటు గారు.

"గుండెపోటా? గ్యాసు సార్ అది. రిబ్బను కోసినాక నా కార్లోనే తీసకపోతా. రెండు నిమిషాల పని. నాకు తెలవదా ఏంది? మా అమ్మ గూడా గ్యాసుతోనే పోయింది."

బయట గోడ మీద ఆ తల్లి ఫోటోకు అప్పుడే దండ వేసి ఉన్నారు. తనన్న మాట ఆయన చెవినన్నా పడిందో లేదో నాకు తెలియదు.

"రెడ్డిగారూ, మీరు బయట కూర్చోండి" అన్నారు సూపరింటెండెంటు గారు.

"ఎవురితో మాట్లాడతా ఉండారు సార్? ఆ బోర్డు నేను..."

"కావాలంటే బోర్డు ఊడదీసుకుని పోండి. ముందు బయట కూర్చోండి."

దాతతో అట్లా మాట్లాడిన డాక్టరును నా ఉద్యోగంలో ఇంకొకరిని చూడలేదు. ట్రస్టు వాళ్లు తర్వాత ఆయనను పిలిపించి చాలాసేపు క్లాసు పీకారు. ఆయన ఆ సంగతి మాకు చెప్పలేదు, గుమాస్తా చెప్పాడు. అప్పటి నుంచి ఆయన కొత్త ఆలోచనలను నేను నోరెత్తకుండా మోశాను. ఆయనంటే నాకు అభిమానం.

ఇంజెక్షన్ ఎక్కించి అంబులెన్సులో పడుకోబెట్టాం. నేను ఆమె పక్కన కూర్చున్నాను. రెడ్డిగారు వెనక కారులో వచ్చారు. ఆత్మకూరు దాటాక ఆమె కళ్లు తెరిచి, "రిబ్బను ఎవురు కోసినారు సిస్టరమ్మా?" అని అడిగింది.

"ఎవురూ కొయ్యలా."

"అయ్యో, బాగుండదే" అంది.

సంగం దగ్గర రోడ్డు గతుకులు వచ్చాయి. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వేళ్లు విరుగుతాయేమో అన్నంత గట్టిగా. అప్పుడు అంది, చిన్నగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు. "నొప్పిగా ఉండాది సిస్టరమ్మా."

నాకు ఏడుపొచ్చింది. సంతోషమో, కోపమో, రెండూనో. నర్సులు ఏడవకూడదని మా కాలేజీలో చెప్పారు. చెప్పినావిడ అంబులెన్సులో ఎప్పుడూ కూర్చుని ఉండదు.

నెల్లూరు నుంచి వచ్చాక

కామాక్షమ్మ బతికింది. స్టెంటు వేశారు, మందుల సంచి ఇచ్చి పంపారు. బోర్డును ఎవరూ ఊడదీయలేదు. దాని వెనక బల్లులు కాపురం పెట్టాయి. నేను రిటైరయ్యే దాకా దాని మీద వేలు పెట్టి చూపించిన రోగి ఒక్కరూ లేరు. ఒక బాలింత మాత్రం రోజూ దాని ముందు నిలబడి చదువుకునేది, పిల్లకు పేరు దొరుకుతుందేమోనని.

చెకప్ కోసం దంపతులు ఇద్దరూ వచ్చారు. రెడ్డిగారు చిక్కిపోయారు. ఆయన చేతిలో ఆమె మందుల సంచి, నీళ్ల సీసా, స్వెట్టరు ఉన్నాయి. మనిషి చెడ్డవాడేం కాదని అప్పటికి నాకు అర్థమైంది. ఆయనకు వాళ్ల నాయన నేర్పింది ఆయన చేశాడు. అంతమాత్రాన క్షమించేశానని అనుకోకండి.

"ఎట్టా ఉండాదమ్మా ఇప్పుడు?" అని అడిగారు సూపరింటెండెంటు గారు.

"బాగనే ఉండాది సార్" అన్నారు రెడ్డిగారు. "ఏం నొప్పి లేదు. అన్నం గూడా బాగనే తింటా ఉండాది."

సూపరింటెండెంటు గారు రాసుకోబోయారు. కామాక్షమ్మ భర్త మోకాలి మీద చెయ్యి వేసింది.

"నన్ను గదా అడిగినాడు" అంది.

ఆయన ఆమె వైపు, మా వైపు చూసి, ఎవరో ఫోన్ చేస్తున్నట్టు జేబు తడుముకుంటూ బయటికి వెళ్లారు. జేబులో ఏమీ మోగలేదు. నేను తలుపు వేశాను.

ఆమె మొదలుపెట్టింది. గుండె నుంచి కాదు, పెద్దకొడుకు పుట్టినప్పటి నుంచి. మంత్రసాని ఏం చేసిందో, అప్పటి నుంచి నడుము ఎట్లా ఉంటుందో, ఆ నడుముతోనే నాట్లకు వచ్చిన కూలీలకు అన్నాలు ఎట్లా వండిందో. రెండో కాన్పు తర్వాత వచ్చిన తలనొప్పి. అత్త బతికున్నన్నాళ్లూ మింగేసిన పంటినొప్పి. మోకాళ్లు. ఒక్కొక్క దాన్నీ దాని చోట వేలు పెట్టి చూపిస్తూ, తొందర లేకుండా. బయట ఓపీ కిటకిటలాడుతోంది. సూపరింటెండెంటు గారు ఒకసారి గడియారం వైపు చూసి, పెన్ను మూతపెట్టి కింద పెట్టారు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆమె చెప్పిందంతా ఇక్కడ రాయను. అది మాకు చెప్పుకుంది.

మధ్యలో తలుపు చప్పుడైంది. రెడ్డిగారు కొంచెం తెరిచి, తల మాత్రం లోపల పెట్టి, "అయిందా?" అని అడిగారు.

"ఇంగా కాలా. బయట కూసోండి" అంది కామాక్షమ్మ, అటు తిరక్కుండానే.